పెద్దసారు మాట చెరగడం లేదు

మూడో తరగతి గదిలోని తెల్లబోర్డు మీద పెద్దసారు స్వహస్తాలతో రాసిన మూడు వాగ్దానాలు మర్నాడు ఉదయం ఎంత తుడిచినా పోలేదని పాఠశాల యాజమాన్యం తీవ్ర విచారంతో అంగీకరించింది. ఈ విద్యాసంస్థ చరిత్రలో ఇటువంటి దుర్ఘటన మునుపెన్నడూ జరగలేదు. లోగడ వరండా పైకప్పు పెచ్చులూడి పడింది. సైన్సు గదిలో బీరువా పిల్లల మీదికి ఒరిగింది. ఒక ఏడాది ఐదో తరగతికి ఎనిమిదో తరగతి ప్రశ్నపత్రం ఇచ్చి, ఎవరూ రాయలేకపోయారని ఐదో తరగతినే మందలించారు. అవన్నీ సర్దుకున్నాయి. చెప్పిన మాట చెప్పినచోటే ఉండిపోవడం మాత్రం ఇదే మొదలు.

కొత్తగా వింటున్నవారి కోసం ఈ బడి సంప్రదాయం కొంచెం చెప్పాలి. టర్ముకోసారి తల్లిదండ్రుల సమావేశం జరుగుతుంది. గదులన్నిటిలోకీ పెద్దది గనక మూడో తరగతి గదిలోనే జరుగుతుంది. పెద్దసారు విద్య గురించీ, విలువల గురించీ, విలువలు లేని పక్కవీధి బడి గురించీ మాట్లాడతారు. ఆఖర్న మార్కరు అందుకుని, రాబోయే టర్ములో చేయబోయే పనులు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాస్తారు. నోటితో చెబితే గాలికి పోతుందనీ, అందుకే రాసిస్తున్నాననీ ప్రతిసారీ అంటారు. తల్లిదండ్రులు చప్పట్లు కొడతారు. కొందరు ఫోన్లో ఫొటో తీసుకుంటారు. ఆ ఫొటోను మళ్ళీ తెరిచి చూసినవాళ్ళు ఇంతవరకు లేరు. మర్నాడు ప్రార్థన గంట కొట్టకముందే ఆయా తడిగుడ్డతో బోర్డు తుడిచేస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు. రాసినాయనకు తెలుసు, చదివినవాళ్ళకు తెలుసు, తుడిచే ఆయాకు తెలుసు. బడి పెట్టిన నాటి నుంచి ఈ పద్ధతి మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

ఈసారి పొరపాటు మార్కరు దగ్గర జరిగింది. మూడో తరగతి టీచరమ్మ బల్ల మీద రెండు మార్కర్లు ఉంటాయి. ఒకటి బోర్డుకు. రెండోది పిల్లల నీళ్ళ సీసాల మీద పేర్లు రాయడానికి. దాని సిరా ఎన్నిసార్లు కడిగినా పోదు, పోకూడదనే కొన్నారు. రెండూ ఒకే పొడుగు, ఒకే లావు, రెండిటికీ నల్లమూతే. ఉపన్యాసం ఉద్ధృతంగా సాగుతుండగా పెద్దసారు వెనక్కి చూడకుండా చెయ్యి చాపారు. టీచరమ్మ తన చేతికి ఏది దొరికితే అది అందించింది. ఆయన రాశారు:

వాన లోపలికి కొట్టకుండా ఈ గది కిటికీలకు తలుపులు పెట్టిస్తాం.

పిల్లలు మంచినీళ్ళ కోసం మైదానం దాటి పోనక్కర లేకుండా గది దగ్గరే కుళాయి వేయిస్తాం.

కిక్కిరిసిన ఈ తరగతిని రెండుగా విడదీసి, ఇంకో టీచరును వేస్తాం.

మూడోదానికి చప్పట్లు ఎక్కువ పడ్డాయి. ఆ ఉత్సాహంలో పెద్దసారు దాని కింద రెండు గీతలు కూడా గీశారు.

మర్నాడు టీచరమ్మ గదిలోకి వచ్చేసరికి ఆయా బోర్డు ముందు నిలబడి ఉంది. గుడ్డ మార్చింది, నీళ్ళు మార్చింది, చెయ్యి కూడా మార్చింది. "టీచరమ్మా, పెద్దసారు మాట పోవట్లేదు" అంది, తన వల్ల ఏదో అపచారం జరిగినట్టు. టీచరమ్మ బల్ల మీద మూత లేకుండా పడి ఉన్న, సీసాల మీద రాసే మార్కరు చూసింది. గబగబా దాని మూత వెతికి బిగించింది.

ఆ కంగారుకు కారణం ఉంది. టీచరమ్మది ఏటేటా కొత్తగా వేసే ఉద్యోగం. ఏడాది చివర పెద్దసారు సంతకం పెడితే ఉన్నట్టు, పెట్టకపోతే లేనట్టు. భర్త పనిచేసే ఫ్యాక్టరీలో ఈమధ్య షిఫ్టులు తగ్గించారు. ఇంటికి ఇప్పుడు ఆధారం ఆవిడ జీతమే. ఇవన్నీ తెలిసిన పెద్దసారు ఆవిడను గదికి పిలిపించి, కూర్చోమనకుండా, ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"చూడమ్మా, మాట ఇవ్వడం సంస్థ బాధ్యత. ఇచ్చిన మాటను సకాలంలో తుడిచేయడం అంతకన్నా పెద్ద బాధ్యత. మొదటిది నేను నెరవేర్చాను. రెండోది మీ చేతుల్లో ఉంది. బోర్డు ఎంత శుభ్రంగా ఉంటే, ఏడాది చివర నేను పెట్టే సంతకం అంత స్పష్టంగా ఉంటుంది."

ఆ పూటే బోర్డు శుద్ధి ఉపసంఘం ఏర్పడింది. పెద్దసారు అధ్యక్షులు, సైన్సు మాస్టారు కన్వీనరు, టీచరమ్మ నిందితురాలి హోదాలో సభ్యురాలు. తొలి సమావేశంలో కొత్త బోర్డు కొనే ప్రతిపాదన వచ్చింది. బడి నిబంధనల ప్రకారం పనికిరాకుండా పోయిన వస్తువు స్థానంలోనే కొత్తది కొనాలి. బోర్డు పని తనమీద రాసినదాన్ని చూపించడం. ఈ బోర్డు ఆ పని మిగతా బోర్డుల కన్నా బాగా చేస్తోంది. కాబట్టి దాన్ని పనికిరానిదనడానికి వీల్లేదని ఉపసంఘం ఏకగ్రీవంగా తేల్చింది. స్పిరిట్‌తో తుడిస్తే పోతుందని సైన్సు మాస్టారు చెప్పారు. స్పిరిట్ మండే పదార్థం. పిల్లలున్న చోటికి తేవాలంటే అగ్నిమాపక కార్యాలయం అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టారు. ఏ భవనం తగలబడుతోందో, ఎప్పటి నుంచి తగలబడుతోందో తెలపమని అక్కడి నుంచి జవాబు వచ్చింది. ఏదీ తగలబడడం లేదని రాస్తే, అయితే ఇది తమ పరిధిలోకి రాదన్నారు.

ఈలోగా బోర్డు మీద ప్రపంచపటం వేలాడదీశారు. పటం వెనక ఏముందో చూడాలని పిల్లలు గంటకోసారి దాన్ని ఎత్తడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ మూడు వాక్యాలు చదవనివాళ్ళు కూడా ఇప్పుడు కంఠస్థం చేశారు. పాఠాలేవీ అప్పజెప్పలేని పిల్లలు సైతం వాగ్దానాలు గడగడా అప్పజెబుతున్నారని తెలిసి, పెద్దసారు పటం తీయించారు.

ఇక అసలు చిక్కు సాయంత్రాలు వచ్చింది. బడి విడిచేవేళ తల్లిదండ్రులు గేటు దగ్గర నిలబడతారు. మూడో తరగతి కిటికీలు గేటు వైపే ఉన్నాయి, వాటికి తలుపులు లేవు, ఎదుటి గోడ మీద బోర్డు ఉంది. మామూలుగా అటు ఎవరూ చూడరు. ఒకరోజు పిల్లల్ని వదలడం ఆలస్యమైంది. ఫోన్లు చూసి చూసి విసుగొచ్చిన జనం, చదవడానికి ఇంకేమీ లేక, బోర్డు చదివారు. ఒక తల్లి పెద్దసారుకు ఎదురుపడి, "కిటికీ తలుపులు ఎప్పుడు పెట్టిస్తున్నారు సార్?" అని అడిగింది. ఆవిడ ఊరికే పలకరింపుగా అడిగింది, బాగున్నారా అని అడిగినట్టు. పెద్దసారు ఆ రాత్రి భోజనం సరిగా చేయలేదట.

ఆ వారంలోనే వడ్రంగి వచ్చాడు. బోర్డు బయటివాళ్ళకు కనబడకుండా కిటికీలన్నిటికీ తలుపులు బిగించాడు. మొదటి వాగ్దానం నెరవేరిందన్న సంగతి ఆఖరి మేకు కొట్టాక గానీ ఎవరికీ తట్టలేదు. గేటు దగ్గర తల్లిదండ్రులు పెద్దసారును చూసి నమస్కారాలు పెట్టారు. అవి ఎందుకో మొదట ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక మరింత భయం వేసింది.

ఉపసంఘం పని ముమ్మరం చేసింది. సబ్బునీళ్ళు, సోడాపొడి, టూత్‌పేస్టు, కిరసనాయిలు, గిన్నెలు తోమే పీచు వంతులవారీగా ప్రయోగించారు. కిరసనాయిలుకు అక్షరాలు పోలేదు గాని కాస్త సాగాయి; పెద్దసారు మాట ఇంకొంచెం పెద్దదైంది. ప్రతి ప్రయోగానికీ బకెట్లకొద్దీ నీళ్ళు కావాలి. మైదానం అవతలి నుంచి బకెట్లు మోయడానికి తన మోకాళ్ళు ఒప్పుకోవని ఆయా చెప్పేసింది. బోర్డు కడగడం ఆగకూడదు. కాబట్టి గది గుమ్మం పక్కనే కుళాయి వేయించారు. బడిలో ఉన్నది ఒకటే మంచినీళ్ళ ట్యాంకు కనుక దానికే గొట్టం కలిపారు. కుళాయి తిప్పగానే పిల్లలు వరసకట్టి దోసిళ్ళు పట్టారు. ఈ నీరు బోర్డు కడగడానికి మాత్రమేనని అక్కడొక బోర్డు పెడదామని సైన్సు మాస్టారు అన్నారు గానీ, బోర్డు మీద ఇంకేదైనా రాయడానికి పెద్దసారు ధైర్యం చేయలేదు. అలా రెండో వాగ్దానం కూడా, ఎవరి ప్రమేయమూ లేకుండా, నెరవేరిపోయింది.

మూడోదాని దగ్గరికి వచ్చేముందు ఆ తరగతి ఎలా ఉండేదో చెప్పాలి. నలుగురు కూర్చునే బెంచీ మీద ఆరుగురు కూర్చునేవారు. ఒకరు రాయాలంటే పక్కవాళ్ళు ఊపిరి బిగబట్టాలి. అందుచేత వంతులవారీగా రాసేవారు. టీచరమ్మ గొంతు చివరి వరసకు చేరేది కాదు, చివరి వరస గొంతు టీచరమ్మకు చేరేది కాదు. ఆ చివరి బెంచీ చివర ఒక పిల్ల ఉండేది. ఒక కాలు నేలమీద ఆనించి, సగం మనిషి బెంచీ మీద, సగం మనిషి గాలిలో. హాజరు పిలిస్తే పక్కపిల్ల ఆ పిల్ల తరఫున కూడా పలికేసేది. ఏడాది సగం గడిచినా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో టీచరమ్మకు తెలియదు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకు సిగ్గేసేది. రోజంతా గుర్తొచ్చే తీరిక మాత్రం ఉండేది కాదు.

కిరసనాయిలు వాసనకు ముందు బెంచీల పిల్లలు దగ్గడం మొదలుపెట్టారు. పైగా బోర్డు ముందు బకెట్లకూ ఉపసంఘానికీ స్థలం చాలడం లేదు. శుద్ధి పనులు పూర్తయ్యేవరకూ సగంమంది పిల్లల్ని లైబ్రరీ గదిలో కూర్చోబెట్టాలని పెద్దసారు ఉత్తర్వు జారీ చేశారు. పుస్తకాలు పిల్లల చేతుల్లో పడకుండా ఏళ్ళ తరబడి కాపాడుతూ వస్తున్న లైబ్రరీ మేడంనే వాళ్ళకు పాఠాలు చెప్పమన్నారు. ఆవిడ మొదటి రోజు భయపడింది, రెండో రోజు బీరువా తాళం తీసింది, మూడో రోజు నుంచి ఇంటికి ఆలస్యంగా వెళ్తోంది.

ఇటు మూడో తరగతి గదిలో గాలి ఆడింది. చివరి బెంచీ చివర పిల్లను టీచరమ్మ ముందు వరసలోకి పిలిచింది. ఆ పిల్ల వచ్చి, అలవాటు కొద్దీ అంచునే కూర్చుంది. కాస్త లోపలికి జరుగమ్మా అంటే, జరిగి, ఇంత చోటు ఏం చేసుకోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసింది. నాలుగు రోజుల తర్వాత చీమల పాఠం చదవమంటే లేచి చదివింది. బొంగురుగా, పెద్దగా, ఎక్కడా ఆగకుండా చదివింది. ఇంత గొంతు ఆ ఒంట్లో ఎక్కడ దాచిందోనని పిల్లలు నవ్వారు. టీచరమ్మకు మాత్రం ఏడుపొచ్చింది. చదవడం అయ్యాక ఆ పిల్ల కూర్చోకుండా, "టీచర్, నేను రోజూ ఇక్కడే కూర్చోనా?" అని అడిగింది.

"బోర్డు శుభ్రమయ్యేదాకా కూర్చో" అంది టీచరమ్మ. అనేశాక, తను ఏమన్నదో తనకే బోధపడింది.

ఇక్కడ ఒక విషయం పాఠకులకు చెప్పక తప్పదు. ఉపసంఘానికి మాత్రం చెప్పవద్దని మనవి. అంతకు రెండు రోజుల ముందు టీచరమ్మ, పిల్లలు చేతులకు రాసుకునే శానిటైజరు సీసాలోంచి ఒక చుక్క చేతిరుమాలు మీద వేసి, మూడో వాక్యం చివరి చుక్కను తుడిచి చూసింది. చుక్క ఉన్నచోట తెల్లగా మెరిసింది. సిరా ఆనవాలు లేకుండా పోయింది. ఒక్క సీసాతో, ఒక్క పూటలో, ఆవిడ ఉద్యోగం గట్టెక్కుతుంది. ఆవిడ సీసా మూత బిగించింది. చేతిసంచీ అడుగున పెట్టి, పైన గొడుగు పెట్టి, జిప్పు లాగేసింది. తర్వాత కిరసనాయిలు డబ్బా అందుకుని సైన్సు మాస్టారు ఎదుట చెమటలు కక్కుతూ రుద్దింది. ఇంత నిబద్ధతతో పనిచేసే సభ్యురాలిని తాను చూడలేదని కన్వీనరు అధ్యక్షులకు నివేదించారు.

ఇంట్లో అత్తగారికి వాసన తగిలింది. "బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తున్నావా అమ్మాయ్, స్టవ్వులు బాగుచేయడానికా?" అని ఆరా తీసింది. టీచరమ్మ జరిగినదంతా దాచకుండా చెప్పింది, సంచీ అడుగున ఉన్న సీసాతో సహా. అత్తగారు కూర తరగడం ఆపి విన్నది.

"బోర్డు శుభ్రమైతే పిల్లలు మళ్ళీ నలిగిపోతారు. అవకపోతే నీ ఉద్యోగం పోతుంది. ఏం చేద్దామని?"

"రుద్దుతూ ఉంటాను అత్తయ్యా."

మర్నాటి నుంచి అత్తగారు కోడలి చేతులకు రాసుకోవడానికి కొబ్బరినూనె గిన్నె గుమ్మం దగ్గర పెట్టడం మొదలుపెట్టింది.

టీచరమ్మ ఆశ ఒక్కటే. మళ్ళీ సమావేశం వస్తుంది. ఆ గదిలోనే జరుగుతుంది. తల్లిదండ్రులు బోర్డు చూస్తారు. రెండు పనులు జరిగాయి, మూడోది ఎప్పుడు అని ఎవరో ఒకరు అడుగుతారు. ఒక్కరు అడిగితే చాలు, పదిమంది అందుకుంటారు. అప్పుడు ఈ తాత్కాలిక ఏర్పాటే శాశ్వతమైపోతుంది. అంతవరకు మాట బోర్డు మీద నిలబడాలి. పెద్దసారు భయం కూడా సరిగ్గా అదే. సమావేశం వాయిదా వేయడానికి ఆయన వాతావరణాన్నీ, తన రక్తపోటునూ కారణాలుగా చూపి చూశారు. ఏదీ కుదరలేదు.

ఆ రోజు తల్లిదండ్రులు పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. పెద్దసారు ఉపన్యాసం ఈసారి క్లుప్తంగా సాగింది. ఆయన బోర్డుకు అడ్డంగా నిలబడడానికి ప్రయత్నించారు గానీ, వాగ్దానాలు ఆయన కన్నా వెడల్పు. "చెప్పిన మాట చెరిగిపోనివ్వని సంస్థ మనది. కిటికీలు చూడండి. కుళాయి చూడండి. వీటి వెనక ఎంత శ్రమ ఉందో ఉపసంఘానికే తెలుసు" అన్నారు. చప్పట్లు పడ్డాయి. సందేహాలేమైనా ఉంటే తర్వాత ఆఫీసులో అడగవచ్చని చెబుతూ కుర్చీ వెనక్కి జరిపారు. అప్పుడు మూడో వరసలో కళ్ళజోళ్ళ కొట్టాయన లేచాడు. చివరి బెంచీ చివర కూర్చునే పిల్ల ఆయన కూతురే.

టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. ఆయన బోర్డు వైపు వేలు చూపించాడు. పెద్దసారు మంచినీళ్ళు తాగారు.

"సార్, ఒక్క మాట. ఈ బోర్డు సంగతి ఏం చేస్తున్నారు? లెక్కల కింద ఈ పాత రాత, దాని మీద మళ్ళీ లెక్కలు. నేను కళ్ళ వ్యాపారంలో ఉన్నవాణ్ణి, చెబుతున్నాను, పిల్లల చూపు పాడవుతుంది. పైగా ఇది శుభ్రం కాలేదని మా పిల్లల్ని రెండు ముక్కలు చేసి ఒక ముక్కను లైబ్రరీలో పడేశారు. ఇదెక్కడి పద్ధతి?"

గది అంతా ఒక్కసారి మేలుకుంది. లైబ్రరీలో ఉన్నది మందబుద్ధుల సగం అని విన్నామని ఒక తల్లి అన్నది. కాదు, తెలివైనవాళ్ళను ఏరి లైబ్రరీకి పంపి మావాళ్ళను కిరసనాయిల్లో వదిలేశారని ఇంకో తల్లి అన్నది. ఎవరి సగం మంచిదో తేల్చమని ఒక తండ్రి పట్టుబట్టాడు. లైబ్రరీ పిల్లలు ఇంట్లో కథలు చెబుతున్నారనీ, సిలబస్‌లో లేనివి చెప్పి ఏం ప్రయోజనమనీ మరొకరు నిలదీశారు. అందరినీ మళ్ళీ కలిపేయాలన్న విషయంలో మాత్రం అభిప్రాయభేదం లేదు.

టీచరమ్మ లేచి నిలబడింది. అలా నిలబడితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. అయినా నిలబడింది.

"మూడో మాట అదేనండీ. తరగతిని రెండుగా చేస్తామన్నది. బోర్డు మీద ఉంది. మీ అమ్మాయి ఇప్పుడు పాఠం పైకి చదువుతోంది. ఇదివరకు ఆ పిల్ల గొంతే నేను వినలేదు."

కళ్ళజోళ్ళ కొట్టాయన వెనక్కి తిరిగి, చిన్నపిల్లకు చెబుతున్నంత ఓర్పుగా చెప్పాడు. "రాసినప్పుడు చప్పట్లు కొట్టామమ్మా, కాదనను. రాయడం వేరు. ఇలా నిజంగానే చేసేస్తే ఎలా చెప్పండి?"

అందరూ నిజమే అన్నారు. వెనక బెంచీలో ఒకాయన, పాపం టీచరమ్మకు లోకం తెలియదు అని కూడా అన్నాడు, జాలిగానే. పెద్దసారు ముఖంలోకి రంగు తిరిగొచ్చింది. ఇన్ని వారాలుగా తాను ఎవరికి భయపడ్డారో వాళ్ళంతా తనవాళ్ళేనని తెలిసిన మనిషి ఎంత తేలికపడతాడో అంత తేలికపడ్డారు. గొంతు తగ్గించి, బోర్డు తుడవడం తమ చేతకావడం లేదని సభాముఖంగా ఒప్పుకున్నారు.

"దానికేముంది సార్, మా కొట్లోనూ ఇలాగే అయింది" అన్నాడు కళ్ళజోళ్ళ కొట్టాయన. "తగ్గింపు ధరల బోర్డు మీద మా కుర్రాడు పోని మార్కరుతో రాశాడు. వారం రోజులు నిజంగానే తగ్గించి అమ్మాల్సి వచ్చింది. ఏముందంటే, ఆ రాత మీదే మామూలు మార్కరుతో మళ్ళీ అదే మాట రాయాలి. అక్షరం మీద అక్షరం. తడి ఆరకముందే తుడిస్తే కొత్తదీ పాతదీ కలిసి పోతాయి."

సభలో ఉన్నవాళ్ళందరికీ తమతమ బోర్డులు గుర్తొచ్చాయి. బట్టల కొట్టాయనకు పండక్కి ముందరి మాట గుర్తొచ్చింది. బస్సు కంపెనీ గుమాస్తాకు సమయాల పట్టిక గుర్తొచ్చింది. క్లినిక్ నడిపే ఆవిడకు గోడ మీద సేవల హామీ గుర్తొచ్చింది. అందరికీ జరిగేదే సార్ అని ఒకరినొకరు చూసుకుని ఆత్మీయంగా నవ్వుకున్నారు. ఆ గదిలో బడికీ తల్లిదండ్రులకూ మధ్య అంత సామరస్యం అంతకుముందెప్పుడూ కనబడలేదు.

పెద్దసారు మామూలు మార్కరు తీసుకున్నారు. కిటికీ తలుపులు పెట్టిస్తామని మళ్ళీ రాశారు. కుళాయి వేయిస్తామని మళ్ళీ రాశారు. తరగతిని రెండుగా విడదీసి ఇంకో టీచరును వేస్తామని, పాత అక్షరం ఒంపు తప్పకుండా, ఒక్కో అక్షరాన్నీ పైకి చదువుతూ రాశారు. మూడోది పూర్తవగానే గదంతా చప్పట్లు మోగాయి. అలవాటు కొద్దీ కాదు, మనస్ఫూర్తిగానే. వెంటనే గుడ్డ అందుకుని ఒక్క విసురున తుడిచేశారు. బోర్డు అద్దంలా అయింది. దానికి పడిన చప్పట్లు మొదటివాటి కన్నా కాస్త ఎక్కువసేపు పడ్డాయి. టీచరమ్మ కొట్టలేదు. ఆవిడ చేతులు కాయలు కాచి ఉన్నాయి కనుక ఎవరూ తప్పుపట్టలేదు.

మర్నాడు లైబ్రరీ పిల్లలు బ్యాగులు మోసుకుని తిరిగొచ్చారు. లైబ్రరీ మేడం బీరువాకు తాళం వేసి, ఆ రోజు సెలవు పెట్టింది. బోర్డు శుద్ధి ఉపసంఘం లక్ష్యం సాధించిన సందర్భంగా రద్దయింది. సైన్సు మాస్టారుకు శాలువా కప్పారు. సభలో లేచి మాట్లాడినందుకు టీచరమ్మ సంతకం ఆగిపోతుందని అందరూ అనుకున్నారు. పెద్దసారు పెద్ద మనసు చేసుకుని పెట్టారు. ఆ తరగతిని ఒంటిచేత్తో నడపడానికి అంత తక్కువ జీతానికి ఇంకొకరు దొరకలేదు.

కిటికీలకు తలుపులూ గుమ్మంలో కుళాయీ ఉన్న బడి అని ఊళ్ళో మంచి పేరొచ్చింది. చెప్పింది చేసే బడి అని కూడా కొందరు అంటున్నారు. ఆ పేరు వల్ల మూడో తరగతిలో కొత్త పిల్లలు చాలామంది చేరారు. నలుగురు కూర్చునే బెంచీ మీద ఇప్పుడు ఏడుగురు కూర్చుంటున్నారు. చివరి బెంచీ చివర పిల్లకు చోటు మిగల్లేదు కాబట్టి గోడకు ఆనుకుని నిలబడి రాసుకుంటోంది. మొన్న హాజరు పిలిచినప్పుడు ఆ పిల్ల నోరు తెరిచింది. పలికిందో లేదో టీచరమ్మకు వినబడలేదు.

కళ్ళజోళ్ళ కొట్టాయన గేటు దగ్గర పెద్దసారును కలిసి మరీ కృతజ్ఞతలు చెప్పాడు. కూర్చున్నప్పటి కన్నా నిలబడితే తన కూతురికి బోర్డు చాలా స్పష్టంగా కనబడుతోందట. పాఠకులారా, మీ పిల్లల గదిలో కూడా బోర్డు శుభ్రంగానే ఉండి ఉంటుంది. పోయినసారి దానిమీద ఏం రాశారో మీకు గుర్తులేదు కదా.